గుంపు లేని రోజున మన గుట్టల మీదికి



పోయిన వానాకాలంలో మన గ్రూపుల్లో ఒక వీడియో తెగ తిరిగింది. "తెలంగాణ ఊటీ, మన కెరమెరి ఘాట్" అని పేరు పెట్టారు. మబ్బులు, మలుపులు, వెనక సినిమా పాట. మొత్తం వీడియోలో ఒక్క గూడెం లేదు, ఒక్క మనిషి లేడు. మాలో సగం మందిమి అదే ఘాట్ మీద బస్సులో కడుపు తిప్పుకుంటూ హాస్టల్‌కు పోయి చదువుకున్నోళ్లం. చూసి నవ్వుకున్నం. కానీ అప్పటి నుంచి పట్నం దోస్తులు ఒకటే అడుగుతున్నరు: రద్దీ లేకుండా మీ గుట్టల్లో పాత ఊర్లు ఎట్ల చూడాలె, ఎప్పుడు రావాలె అని. దానికి జవాబు చెప్పాలంటే ఈ గుట్టలకు గుంపు ఎప్పుడెప్పుడు వచ్చిందో ముందు చెప్పాలె.

ఊటీ పేరు తీశారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతం. 19వ శతాబ్దం మొదట్లో కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సల్లివాన్ నీలగిరుల మీద బంగళా కట్టుకున్నడు, ఊటీ అట్ల మొదలైంది. అంతకు ముందు అది తోడా ప్రజలు బర్రెలు మేపుకునే నేల. ఎండ తప్పించుకోవడానికి దొరలు కట్టుకున్న పట్నాలు అవి. మన ఉట్నూర్, సిర్పూర్, మాణిక్‌గఢ్ అట్ల పుట్టలేదు. చల్లగాలి కోసం ఎవరూ రాలేదు ఇక్కడికి. ఇవి చాందా గోండు రాజుల కాలం కోటలు. మొదటి రాజధాని సిర్పూర్, తర్వాత బల్లార్‌పూర్, ఆ తర్వాత చంద్రపూర్ అని మన పెద్దల మాట. 1751లో ఆ రాజ్యం నాగపూర్ భోంస్లేల పాలైంది. తర్వాత ఈ వైపు గుట్టలు నిజాం చేతికి వచ్చినయి.

నిజాం కాలంలో కూడా చాలా ఏండ్లు ఇక్కడికి గుంపు రాలేదు. అడవి జ్వరం భయం. ఉట్నూర్‌కు బదిలీ అంటే శిక్ష అనుకునేటోళ్లట ఉద్యోగులు. మా తాతలు దీన్ని నవ్వుతూ చెప్తరు, మలేరియానే మన కావలి అని. ఆ మలేరియాతో వాళ్ల పిల్లలు కూడా పోయిన్రు, ఆ మాట చెప్పేటప్పుడు నవ్వరు.

మొదటి గుంపు భూమి కోసం వచ్చింది. అడవిని రిజర్వు చేసి ఊర్లు లేపేసిన్రు, ఇంకోపక్క పట్టాలు బయటి షావుకార్ల పేరు మీద పోయినయి. ఈ కోపంలోంచే జోడేఘాట్ వచ్చింది. కుమ్రం భీం 1940లో అక్కడే పోలీసుల తూటాలకు ఒరిగిండు. ఆ తర్వాతనే నిజాం సర్కారు హైమెండార్ఫ్‌ను పంపింది, గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోమని. ఆయన ఆస్ట్రియా మనిషి, భార్య ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నడు. 1943లో అక్కడే మన పిల్లలకు చదువు చెప్పే పంతుళ్లకు శిక్షణ మొదలైంది, దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు వచ్చినయి. ఆ దశాబ్దంలోనే జిల్లాలో లక్షన్నర ఎకరాలకు పైగా గిరిజనులకు పట్టాలయ్యాయి. ఆ పట్టాల్లో ఎన్ని ఇప్పుడు మన చేతుల్లో ఉన్నయో ఎవరింట్లో వాళ్లు లెక్క చూసుకోవాలె. మంచి రోడ్లు పడ్డంక వచ్చినోళ్లలో చూసిపోయేటోళ్లు తక్కువ, ఉండిపోయేటోళ్లు ఎక్కువ.

అందుకే మేం ఇంద్రవెల్లి దగ్గర తప్పకుండా బస్సు దిగుతం. 1981 ఏప్రిల్ 20, సోమవారం, అంగడి రోజు. భూముల కోసం గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టింది, పోలీసులు కాల్చిన్రు. సర్కారు లెక్క 13 మంది. మన ఊర్ల లెక్క దానికన్నా చాలా పెద్దది. తర్వాత ఏండ్ల తరబడి ఆ తారీఖున స్తూపం దగ్గర ఎవరూ కూడొద్దని ఆంక్షలు. జిల్లాలో అన్ని చోట్లకు గుంపును రమ్మని బోర్డులు పెడతరు, ఒక్క ఇక్కడనే గుంపు కూడితే తప్పయింది. రద్దీ లేని చోటు కావాలని అడిగిన దోస్తులను ముందు ఇక్కడికే తీసుకపోతున్నం. ఎర్ర స్తూపం, చుట్టూ చేన్లు. ఫొటో దిగడానికి చేతులు వాటంతట అవే ఆగిపోతయి.

ఇప్పుడు రెండో గుంపు. ఆగస్టు ఆదివారాల్లో కుంటాల జలపాతం దగ్గర కారు పెట్టడానికి జాగ దొరకదు. సీసాలు, ప్లేట్లు కడెం నీళ్లలోనే. మేం చెప్పేది ఒకటే, దసరా తర్వాత రండి, పొద్దున్నే రండి. నీళ్లు కొంచెం తగ్గుతయి, కానీ బండ కనిపిస్తది. ఏ నీళ్లు ఏ బండను ఎట్ల కోసినయో అప్పుడే తెలుస్తది. వానలో ఆ బండల మీద జారి పోయిన ప్రాణాలు చాలు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలె. కేస్లాపూర్ నాగోబా జాతరలో ఉండేది రద్దీ కాదు. పుష్య అమావాస్యకు ముందు మెస్రం వంశం వాళ్లు కాలినడకన గోదావరి దాకా, హస్తినమడుగు దాకా పోయి నీళ్లు తెస్తరు. ఆ రాత్రి కొత్త కోడళ్లను దేవునికి, పెద్దలకు చూపిస్తరు, అదే భేటింగ్. వంశం వాళ్లే చందాలేసుకుని కట్టుకున్న గుడి అది, 2022 డిసెంబరులో తెరిచిన్రు. ఆ జనం అంతా చుట్టాలు. జాతరకు రండి, బువ్వ తినండి, పెద్దలు అడ్డం చెప్పని చోట కూర్చోండి. కెమెరా పట్టుకుని కోడళ్ల ముఖాల మీదికి వంగేటోళ్లే మా లెక్కలో రద్దీ. దండారి రోజుల్లో కూడా ఇదే కథ. గుస్సాడి నెమలీకల టోపీ మొక్కి తలకెత్తుకున్నంక అతను దేవుడితో సమానం. "ఒకసారి మళ్లీ ఎగురు భాయ్, రీల్ సరిగ్గా రాలేదు" అని ఒకాయన అనంగ మేం చెవులారా విన్నం. మార్లవాయి కనక రాజు గారు 2021లో పద్మశ్రీ అందుకున్నరు, 2024లో మనల్ని విడిచిపోయిన్రు. ఆ కాలి అడుగు నేర్చుకున్నోళ్లు ఎందరో మనకు తెలుసు. దాని వెనక మొక్కు తెలిసినోళ్లు ఎందరు?

మేం పోయిన దారి చెప్తం. డిసెంబరు, మామూలు బుధవారం. ఆ నెలలో పొద్దున చలి 5 డిగ్రీల దాకా దిగే ఊర్లు ఉన్నయి మన దగ్గర, దుప్పటి మరవొద్దు. ఉట్నూర్‌లో ఐటీడీఏ ఆఫీసుకు సర్టిఫికెట్ల కోసం ఎన్నిసార్లు పోయినమో లెక్కలేదు, అదే ఊర్లో కోటను నిలబడి చూసింది మాత్రం అదే మొదలు. సిగ్గనిపించింది. అక్కడి నుంచి జైనూర్ మీదుగా మార్లవాయి. ఎలిజబెత్ 1987లో పోయిన్రు, ఆమె సమాధి ఆ ఊర్లోనే ఉంది. 1995లో లండన్‌లో పోయిన హైమెండార్ఫ్ అస్థికలు కూడా తర్వాత తెచ్చి పక్కన పెట్టిన్రు. బయటి నుంచి వచ్చినోళ్లలో ఈ గుట్టల్లో ఉండిపోయి మన జాగ తీసుకోనోళ్లు వీళ్లిద్దరే అని ఒక ముసలాయన అన్నడు. మాట కొంచెం పెద్దదే, కానీ అక్కడ నిలబడి వింటే కాదనలేకపోయినం.

ఘాట్ దిగి కెరమెరి, హట్టి. అక్కడి నుంచి మళ్లీ గుట్టలెక్కితే జోడేఘాట్. వర్ధంతి ఆశ్వయుజ పౌర్ణమికి వస్తది, ఇంగ్లీషు తారీఖుకు కాదు. ఆ రోజు వేల మంది, మంత్రులు, మైకులు. ఆ రోజు పోవద్దని మేం అనం, అది మన రోజు. కానీ మామూలు బుధవారం మ్యూజియంలో మేం, వాచ్‌మన్, అంతే. విగ్రహం కన్నా వెనక గుట్టల వరుసనే ఎక్కువసేపు చూసినం. పోలీసులు ఏ వైపు నుంచి ఎక్కి ఉంటరు, ఏ వాగు దాటి ఉంటరు అని మాలో మేమే కొట్లాడుకున్నం. గుంపులో ఆ కొట్లాటకు జాగ ఉండదు.

మిగిలింది గుంజాల. నార్నూర్ మండలం. అక్కడ దొరికిన చేతిరాతల్లోని గోండీ లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది, అంటే ఫోన్‌లో మన పేరు మన అక్షరాల్లో రాసుకోవచ్చు. సంక్రాంతి సెలవుల్లో పోతున్నం. ముందుగా ఊరి పటేల్‌కు కబురు చేస్తం, ఆయన సరే అన్నంకనే బయలుదేరుతం. వచ్చేటోళ్లు పేరు చెప్పండి, నలుగురైదుగురికి మించి వద్దు. ఆదిలాబాద్ నుంచి వచ్చేటోళ్లు సోమవారం పెట్టుకోకండి, ఆ రోజు ఇంద్రవెల్లి అంగడి, బస్సులో కాలు పెట్టే సందు ఉండదు.