దత్తత దస్త్రంలో తల్లి వేలిముద్ర

1956 నాటి హిందూ దత్తత చట్టం హిందువులకే పరిమితం. అందువల్ల హిందువులు కాని విదేశీ దంపతులు 1890 నాటి సంరక్షకుల చట్టం కింద కోర్టు ఉత్తర్వు పొంది, బిడ్డను స్వదేశానికి తీసుకువెళ్లి, అక్కడ దత్తత పూర్తిచేసుకునేవారు. ఈ సందులోనే దళారీ వ్యవస్థ వేళ్లూనుకుంది.

1982లో న్యాయవాది లక్ష్మీకాంత్ పాండే రాసిన లేఖను సుప్రీంకోర్టు పిటిషన్‌గా స్వీకరించింది. 1984 ఫిబ్రవరిలో జస్టిస్ పి.ఎన్. భగవతి ఇచ్చిన తీర్పు ఈ వ్యవహారానికి ఒక క్రమం ఏర్పరచింది. దంపతుల గృహ పరిశీలన నివేదిక, వివాహ, ఆరోగ్య, ఆదాయ పత్రాలు, బిడ్డ పూర్వాపరాల నివేదిక తప్పనిసరి అయ్యాయి. కన్నవారికి పునరాలోచన గడువు ఉండాలని కూడా కోర్టు చెప్పింది.

అయినా 1999లో, మళ్లీ 2001లో ఆంధ్రప్రదేశ్ ఉలిక్కిపడింది. తెలంగాణ లంబాడా తండాల్లో ఆడశిశువులను స్వల్ప మొత్తాలకు కొని దత్తత కేంద్రాలకు చేరవేసిన ఉదంతాలు వెలుగుచూశాయి. దస్త్రాల్లో మాత్రం అవి తల్లులు స్వచ్ఛందంగా రాసిచ్చిన పరిత్యాగ పత్రాలు! పేదరికం పేరిట బిడ్డను వదులుకోవడాన్ని 2001లో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది.

2003లో భారత్ హేగ్ ఒడంబడికను ఆమోదించింది. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పరిత్యాగం శిశు సంక్షేమ కమిటీ ఎదుటే జరగాలి. మనసు మార్చుకునేందుకు రెండు నెలల గడువుంది. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులిచ్చే అధికారం కోర్టుల నుంచి కలెక్టర్లకు మారింది.

దస్త్రంలో దంపతుల గురించి కట్టలకొద్దీ కాగితాలుంటాయి. కన్నతల్లి గురించి ఉండేది ఒక్క పత్రం, ఒక్క వేలిముద్ర. ఆ పత్రాన్ని ఆమె భాషలో ఆమెకు చదివి వినిపించారా అన్నదే ఈ చరిత్ర అడుగుతున్న ప్రశ్న.