గోరింటాకా, సీసా రంగా?

ఆషాఢం రాగానే మా ఇంట్లో మళ్ళీ అదే గొడవ.

సీసా రంగు వయసు చిన్నది. గోరు కనబడనంత చిక్కటి రంగులకు పేరొచ్చింది 1932లో అమెరికాలో రెవ్లాన్ మొదలయ్యాకే. గోటి మొదట్లోని నెలవంకను రంగు వేయకుండా వదిలేయడం అప్పటి షోకు.

గోరింట పైపూత కాదు. ఆకులోని లాసోన్ గోటి కెరాటిన్‌ను పట్టేసుకుంటుంది, గోరుతోపాటే పెరిగిపోవాలి. నెలకు సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున ఆషాఢపు ఎరుపు దసరాకి సగం దాటి పైకి జరుగుతుంది. మా అమ్మ దాన్ని చూసే పండగ లెక్కలు చెప్పేది!

పొట్టి వేళ్లకు గోళ్లను కోలగా అరగదీయమంటారు పార్లర్లో. పెద్దవాళ్ళు వేళ్ల చివర్లకు టోపీల్లా ముద్ద పెట్టేవారు; గోరూ వేలూ ఒకే ఎరుపులో కలిసి పొట్టి గోరూ పొడుగ్గా కనబడేది. చామనచాయ చేతికి ఆ ముదురెరుపును మించింది నాకింకా కనబడలేదు.

తమిళంలో మరుదాణి, కన్నడంలో మదరంగి, ఒడియాలో మంజుఆతి. మా మనవరాలు మాత్రం మెహందీ అంటుంది. నాకు బాధ పాలిష్‌తో కాదు, ఆ మాటతోనే. పేరులోనే గోరున్న మాట మనది.

నిన్న ఒక చేతికి పాలిష్, ఒక చేతికి గోరింటాకు పెట్టుకుంది. మీ ఇళ్లల్లో పిల్లలు ఏమంటున్నారో రాయండి.