ఐదు డ్రమ్ములు, ఒక్క దరువు

పారిస్, 1989 జులై 14. ఫ్రెంచి విప్లవానికి రెండొందల ఏళ్ళు నిండిన రోజు. చాంప్స్ ఎలీసే వీధికి అటూ ఇటూ ఇసకేస్తే రాలనంత జనం. ఒక్కో దేశం బృందమూ సాగిపోతోంది. అమెరికా వంతు వచ్చేసరికి దిగింది సైన్యం బ్యాండు కాదు, ఫ్లోరిడా రాష్ట్రం టలహాసీ నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు. మైకేల్ జాక్సన్ మూన్‌వాక్ చేసినట్టు, ముందుకు నడుస్తున్నట్టే కనిపిస్తూ వెనక్కి జారారు.

ఆ బ్యాండు పేరు 'మార్చింగ్ 100'. నల్లజాతి విద్యార్థుల కోసం 1887లో మొదలైన ఫ్లోరిడా ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయానిది. దాన్ని ఆ స్థాయికి తెచ్చిన విలియం ఫాస్టర్‌కు అప్పటికి డెబ్బయ్యేళ్ళు నిండవస్తున్నాయి. అంతకు యాభై ఏళ్ళ కిందట కాన్సస్ విశ్వవిద్యాలయంలో సంగీతం చదువుకునేటప్పుడు, పెద్ద ఆర్కెస్ట్రాను నడిపించాలని ఆయన కోరిక. నల్లవాళ్ళకు అలాంటి ఉద్యోగాలు లేవని అక్కడివాళ్ళు మొహం మీదే చెప్పారు. లేకపోతే మనమే ఒకటి కట్టుకుందాం అనుకున్నారాయన. 1946లో టలహాసీలో బ్యాండు పగ్గాలు పట్టి, 1998 దాకా వదల్లేదు.

మిలిటరీ కవాతులా తిన్నగా నడిచే కాలేజీ బ్యాండుకు ఫాస్టర్ ఆట నేర్పారు. నిమిషానికి 20 అడుగులే పడే నత్తనడక నుంచి ఉన్నట్టుండి పరుగులాంటి వేగం. రేడియోలో మోగే పాటలకు మైదానం మధ్యలో నాట్యం. ఇన్ని రకాల నడకలు గతి తప్పకుండా సాగాలంటే అందరి కాళ్ళనూ కట్టి ఉంచే తాడు ఒకటి కావాలి. ఆ తాడు డ్రమ్ముల వరస. వాళ్ళ భాషలో డ్రమ్‌లైన్.

రణరంగం నుంచి ఆటస్థలానికి

ఈ డ్రమ్ము పుట్టిల్లు యుద్ధభూమి. తుపాకుల మోతలో సేనాని గొంతు వినబడదు, డ్రమ్ము వినబడుతుంది. నిద్ర లేవడానికో దరువు, తిండికో దరువు, గుమిగూడడానికో దరువు. 1861-65 అమెరికా అంతర్యుద్ధంలో ఈ పని చేసినవాళ్ళలో మూతిమీద మీసమైనా రాని కుర్రాళ్ళు ఎందరో ఉన్నారు.

ఆ యుద్ధం నడుస్తుండగానే, 1862లో, మోరిల్ చట్టం వచ్చింది. ప్రభుత్వం ఇచ్చిన భూముల దన్నుతో లేచే కాలేజీలు వ్యవసాయం, ఇంజనీరింగుతో పాటు సైనిక శిక్షణ కూడా నేర్పాలంది. కవాతు ఉన్నాక డ్రమ్ము లేకుండా ఎలా? ఇండియానాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం బ్యాండు 1886లో ఐదుగురు డ్రమ్ము విద్యార్థులతోనే మొదలైంది. 1890 నాటి రెండో మోరిల్ చట్టం నల్లజాతి కాలేజీలకూ దారి తెరిచింది. ఫ్లోరిడా కాలేజీలో బ్యాండు 1892లో పుట్టింది.

కవాతు మైదానం నుంచి ఫుట్‌బాల్ మైదానానికి ఎంతో దూరం లేదు. 1907లో ఇలినాయ్ విశ్వవిద్యాలయం బ్యాండు ఆట విరామంలో మైదానంలోకి దిగి ప్రదర్శన ఇచ్చింది. అదే ఏడాది పర్డ్యూ పిల్లలు వరసలు విడదీసుకుని 'పి' అక్షరం ఆకారంలో నిలబడ్డారు. 1921లో పర్డ్యూ ఏకంగా బండి మీద తోసుకెళ్ళాల్సినంత పెద్ద డ్రమ్ము చేయించింది. ప్రపంచంలో దీన్ని మించింది లేదని ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఎడమ చేతి గుట్టు

డ్రమ్ముల వరసలో చిన్న డ్రమ్ములు వాయించేవాళ్ళ ఎడమ చేతిని గమనించండి. కుడి చేత్తో పుల్లను సుత్తి పట్టుకున్నట్టు పట్టుకుంటారు. ఎడమ చేతిలో మాత్రం అరచెయ్యి పైకి తిరిగి, బొటనవేలి సందులో పుల్ల ఇరుక్కుని ఉంటుంది. ఎందుకలా? పాత రోజుల్లో డ్రమ్మును పట్టీతో భుజానికి తగిలిస్తే ఎడమ తొడ మీదకు వాలేది. వాలిన డ్రమ్ము అంచు అడ్డం రాకుండా కొట్టాలంటే ఎడమ చెయ్యి అలా తిరగాల్సిందే. మన బళ్ళలో పంద్రాగస్టుకు సైడ్ డ్రమ్ము మోసిన పిల్లలకు తొడ మీద ఆ అంచు తగిలిన చోటు గుర్తుండే ఉంటుంది. అది బ్రిటిష్ సైన్యం మనకు వదిలిపోయిన వాలు. అమెరికా కాలేజీల్లో ఇప్పుడు డ్రమ్ము భుజాల చట్రానికి బిగించి సమంగా కూర్చుంటుంది. అయినా చాలామంది ఎడమ చెయ్యి ఇంకా ఆ పాత వాలునే తలచుకుంటూ తిరిగి ఉంటుంది.

దెబ్బలకూ ఓ అక్షరమాల ఉంది. 1933లో షికాగోలో కొందరు డ్రమ్ము విద్వాంసులు కూడి 13 మూల దరువులను తప్పనిసరి పాఠాలుగా ఖాయం చేశారు. 1984 నాటికి ఆ పట్టిక 40కి చేరింది. అందులో అందరికీ తెలిసింది పారడిడిల్: కుడి-ఎడమ-కుడి-కుడి, ఎడమ-కుడి-ఎడమ-ఎడమ. పేరులోనే దరువు పలుకుతుంది. మృదంగం నేర్చే పిల్లాడు తకధిమి అని నోట పలికి వేళ్ళలోకి దించుకుంటాడే, ఇదీ అలాంటిదే. ఒంటరిగా సాధన చేసేటప్పుడు ఏ చేత్తో మొదలుపెట్టినా ఫరవాలేదు. పదిమంది వరసలో ఒకడి ఎడమ చెయ్యి లేచినప్పుడు ఇంకొకడి కుడి చెయ్యి లేస్తే స్టేడియం చివరి బెంచీకి కూడా కనబడుతుంది. పుల్ల ఎంత ఎత్తు లేవాలో అంగుళాల లెక్క ఉంటుంది. మూడు అంగుళాలైతే మెత్తని చప్పుడు, పన్నెండైతే గట్టి మోత.

అసలు పరీక్ష మాత్రం లోతుగా మోగే పెద్ద డ్రమ్ములది, అంటే బేస్ డ్రమ్ములది. పూర్వం దూడ తోలు కట్టేవాళ్ళు. చెమ్మ తగిలితే సడలిపోయేది, మన డప్పును మంట దగ్గర కాచినట్టు దాన్నీ కాచుకోవాల్సి వచ్చేది. 1950ల చివర్లో ప్లాస్టిక్ పొర వచ్చాక వానకూ ఎండకూ శ్రుతి నిలిచింది. దాంతో ఒక్కో బేస్ డ్రమ్మునూ ఒక్కో స్థాయికి బిగించి, ఒకే దరువును వాటి మధ్య పంచడం కుదిరింది. ఐదుగురు వరసగా నిలబడతారు. నిమిషానికి 120 అడుగుల నడకలో అడుగుకు నాలుగు దెబ్బలంటే సెకనుకు ఎనిమిది. మొదటి దెబ్బ ఒకడిది, రెండోది పక్కవాడిది, మూడోది ఆ పక్కవాడిది. మెట్ల మీద నుంచి గుండు దొర్లినట్టు వినబడాలి. ఒకడు వెంట్రుకవాసి తొందరపడితే గుండు మెట్టు తప్పుతుంది. ఆ దరువును ఎవరూ ఒక్కరే వాయించలేరు. తన ఒక్క దెబ్బ వేసి, మిగతా నాలుగింటినీ మనసులో లెక్కపెట్టుకుంటూ ఊరుకోవడమే ప్రతివాడి పని.

వెనక్కి వినాలి

మైదానం ఇంకో చిక్కు పెడుతుంది. ఫుట్‌బాల్ మైదానం పొడవు వంద గజాలు. చప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకు చేరడానికి పావు సెకను పైనే పడుతుంది. అర సెకనుకు ఒక అడుగు పడే నడకలో అంటే సగం అడుగు ఆలస్యం. ఎవరికి వారు చెవికి వినబడ్డట్టు వాయిస్తే, ఒక్కో చివర ఒక్కో పాట నడుస్తుంది.

దీనికి బ్యాండ్లు కనిపెట్టిన విరుగుడు చిన్నదే. వెనక ఉన్న డ్రమ్ములవాళ్ళు ముందు నుంచి వచ్చే చప్పుడును పట్టించుకోకూడదు, ఎదురుగా నిలబడి బ్యాండును నడిపించే డ్రమ్ మేజర్ చేతుల్నే చూడాలి. ముందున్న బాకాలవాళ్ళు వెనక నుంచి వచ్చే డ్రమ్ము విని, దాంతో కలిపి ఊదాలి. అప్పుడు రెండు చప్పుళ్ళూ ప్రేక్షకుల చెవికి ఒకేసారి చేరతాయి. అందరూ ఒకే పని చేస్తే జట్టు కుదరదు. కొందరు చూడాలి, కొందరు వినాలి.

ఈ చదువు చెప్పిన చోటే చీకటీ ఉంది. 2011 నవంబరులో ఆట ముగిశాక, ఆగి ఉన్న బస్సులో, మార్చింగ్ 100 డ్రమ్ మేజర్ ఒకరిని తోటి బ్యాండు సభ్యులే కొట్టారు. మాలో కలవాలంటే తట్టుకోవాలన్న ర్యాగింగ్ తంతు అది. ఆ యువకుడు చనిపోయాడు. విశ్వవిద్యాలయం బ్యాండును ఆపేసింది. ఎవరి చేతులు చూసి వందల మంది కదలాలో, అతని మీదే తోటివాళ్ళ చేతులు లేచాయి. ఫాస్టర్ అంతకు ముందు ఏడాదే కన్నుమూశారు.

2013 సెప్టెంబరులో బ్యాండు మళ్ళీ మైదానంలోకి వచ్చింది, మునుపటికంటే చిన్నదిగా, కొత్త కట్టుబాట్లతో. కొత్తగా చేరినవాడికి మొదటి పాఠం మాత్రం మారలేదు. బేస్ డ్రమ్ము తగిలించుకుని నిలబడతాడు, పక్కవాళ్ళ నాలుగు దెబ్బలు వింటాడు, తన వంతు వచ్చినప్పుడు ఒక్కటే వేస్తాడు.