జెమినీ స్టూడియో నేలపై నక్షత్ర హోటల్
‘బాలనాగమ్మ’ రూపుదిద్దుకున్న చోటే ‘పాషా’ నైట్‌క్లబ్‌

పాములపాడు: బాలనాగమ్మ కథ తెలియని పల్లె రాయలసీమలో అరుదు. మాయల మరాఠీ ఆమెను కుక్కగా మార్చి ఎత్తుకుపోవడం, కుమారుడు బాలవర్ధిరాజు మాంత్రికుని ప్రాణమున్న చిలుకను పట్టి తల్లిని విడిపించడం బుర్రకథల్లో పెద్దలు విన్నదే. ఆ కథను వెండితెరకెక్కించిన మద్రాసు జెమినీ స్టూడియో నేడు లేదు. ఆ ప్రాంగణంలో వెలసిన పార్క్‌ హోటల్‌ మాత్రం పాత చరిత్రనే తన అలంకారంగా చేసుకుంది.

స్టూడియో వైభవం

దర్శకుడు కె.సుబ్రహ్మణ్యం నడిపిన స్టూడియో అగ్నిప్రమాదానికి గురికాగా, పత్రికాధిపతి ఎస్‌.ఎస్‌.వాసన్‌ దానిని కొనుగోలు చేసి 1940లో జెమినీ స్టూడియోగా మార్చారు. 1942లో సి.పుల్లయ్య దర్శకత్వంలో ‘బాలనాగమ్మ’ విడుదలైంది. కాంచనమాల బాలనాగమ్మగా, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీగా, పుష్పవల్లి సంగుగా నటించిన ఈ చిత్రం ఘన విజయం సాధించింది. అప్పట్లో కర్నూలు జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం. పదకొండేళ్ల తరువాత, 1953 అక్టోబరు 1న, కర్నూలే ఆంధ్ర రాష్ట్ర రాజధాని కావడం గమనార్హం.

1948లో వాసన్‌ స్వీయ దర్శకత్వంలో తీసిన ‘చంద్రలేఖ’లోని ఢంకా నృత్యం దేశమంతటా పేరు పొందింది. 1950లో భానుమతి, ఎం.కె.రాధా నటించిన ‘అపూర్వ సహోదరులు’ తెలుగు ప్రేక్షకులను అలరించింది. 1969లో వాసన్‌ మరణించారు. అనంతరం స్టూడియో ప్రాభవం సన్నగిల్లింది. 1973లో ఎదుటి కూడలిలో నిర్మించిన వంతెనకు అన్నా పేరు పెట్టినా, జనం నోట అది జెమినీ ఫ్లైఓవర్‌గానే నిలిచిపోయింది.

విశాఖ తరువాత చెన్నై

పార్క్‌ హోటళ్లను అపీజే సురేంద్ర గ్రూపు నడుపుతోంది. మొదటిది 1967లో కలకత్తా పార్క్‌ స్ట్రీట్‌లో, రెండవది 1968లో మన విశాఖ బీచ్‌ రోడ్డులో ప్రారంభమయ్యాయి. చెన్నై హోటల్‌ 2002లో 214 గదులతో తెరుచుకుంది. సినిమాయే దాని అలంకరణకు మూలాంశం. పాత చిత్రాల పోస్టర్లు ఆ నేల చరిత్రను అతిథులకు గుర్తుచేసేలా ఏర్పాటు చేశారు. అన్నాసాలైలోని 601వ నంబరు చిరునామాయే అక్కడి కాఫీషాపుకు పేరైంది.

ఇందులోని నైట్‌క్లబ్‌ ‘పాషా’. ఒట్టోమన్‌ సామ్రాజ్యంలో ఉన్నతాధికారులకిచ్చే బిరుదు పాషా. పేరుకు తగినట్లే ప్రాచ్య దర్బారు శోభను తలపించేలా దానిని తీర్చిదిద్దారు. తమిళనాడులో బార్లకు అనుమతులు ప్రధానంగా హోటళ్లకు, క్లబ్బులకే దక్కేవి. అందువల్ల చెన్నైలో రాత్రి వేళ నృత్య వినోదం చాలాకాలం పెద్ద హోటళ్ల నాలుగు గోడలకే పరిమితమైంది. 2010లో హైదరాబాద్‌ సోమాజిగూడలో ప్రారంభమైన పార్క్‌ హోటల్‌లోనూ ‘కిస్మత్‌’ పేరిట నైట్‌క్లబ్‌ వెలసింది.

మిగిలింది పేరే

ఈ మార్పును కేవలం నష్టంగా చూడలేము. భూమి ధర పెరిగిన నగరం నడిబొడ్డున స్టూడియోలు నిలవడం కష్టం. చరిత్రను చెరిపివేయక అలంకరణలోనైనా నిలుపుకోవడం మెచ్చదగినదే. అయితే పోస్టరు గోడకు మిగిలింది గానీ, వందలాది కళాకారులకు, వడ్రంగులకు, చిత్రకారులకు అన్నం పెట్టిన పనిచోటు మిగలలేదు. నాడు నాలుగణాల టిక్కెట్టుతో పల్లెవాసికి అందిన వినోదం పుట్టిన తావులో, నేడు స్తోమత గలవారికే ప్రవేశం.

మాయల మరాఠీ ప్రాణం ఎక్కడో చిలుకలో దాగినట్లు, జెమినీ ప్రాణం నేడు ఒక వంతెన పేరులో, పల్లెల్లో ఇంకా చెప్పుకునే బాలనాగమ్మ కథలో దాగి ఉంది.