ముందు గొల్లభామకు, తర్వాత కోటయ్యకు

మన బడిలో చదువుకున్న వాళ్లకు కోటప్పకొండ గురించి కొత్తగా చెప్పేదేముంది అనుకోవచ్చు. నరసరావుపేట నుంచి పది పన్నెండు కిలోమీటర్ల దూరం. శివరాత్రి వస్తే నాలుగు రోజుల ముందునుంచే పాఠాలు సాగేవి కావు. ఏ ఊరి ప్రభ ఎంత ఎత్తో, ఎవరి ఇంటికి చుట్టాలు ఎన్ని బళ్ల మీద దిగారో అన్నదే తరగతి గదిలో మాట. అయినా సంఘం స్వర్ణోత్సవ సంచికకు స్థలచరిత్ర రాయమని అడిగినప్పుడు నాకు ఈ కొండే తోచింది. మనందరికీ తెలిసిన కొండ అది. దాని కథలు మాత్రం మన తర్వాతి వాళ్లకు అందకుండా పోతున్నాయి. వాళ్లకు కోటప్పకొండ అంటే ప్రభల మీది దీపాలు, ఘాట్ రోడ్డు, సెల్‌ఫోనులో ఫొటోలు. గొల్లభామ ఎవరని అడిగితే సగంమంది తెల్లముఖం వేస్తున్నారు.

మూడు శిఖరాలు, ఒక గురువు

ఏ దిక్కునుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయని ఈ కొండకు త్రికూటమనీ, స్వామికి త్రికోటేశ్వరుడనీ పేరు. బ్రహ్మ శిఖరం, విష్ణు శిఖరం, రుద్ర శిఖరం అని వాటిని పిలుస్తారు. అన్నిటికంటే ఎత్తయిన రుద్ర శిఖరం మీద పాత కోటేశ్వరుని గుడి ఉంది. ఇప్పుడు మనం వెళ్లి కొబ్బరికాయ కొట్టే గుడి సుమారు ఆరువందల అడుగుల ఎత్తున బ్రహ్మ శిఖరం మీద ఉంది. విష్ణు శిఖరం మీద పాపవినాశేశ్వరుడు, అక్కడే తీర్థం.

స్థలపురాణం చెప్పేదిది. దక్షయజ్ఞంలో సతీదేవి దేహత్యాగం చేశాక శివుడు లోకవ్యవహారం విడిచి, పన్నెండేళ్ల బాలుడి రూపంలో ఈ కొండమీద యోగంలో కూర్చున్నాడు. బ్రహ్మాది దేవతలూ మునులూ వచ్చి ఆయన దగ్గర జ్ఞానం పొందారు. అంటే ఇక్కడి శివుడు దక్షిణామూర్తి. గురువేమో పిల్లవాడు, చుట్టూ కూర్చున్న శిష్యులేమో వృద్ధులు, పాఠమంతా మౌనంలోనే. బ్రహ్మచారి రూపం కాబట్టి శివరాత్రికి మిగతా శివాలయాల్లో జరిగినట్టు ఇక్కడ కల్యాణోత్సవం జరగదు. ఒక బడి పూర్వ విద్యార్థులు తమ ఊరి కొండ గురించి గర్వంగా చెప్పుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? మన కొండమీద దేవుడు కూడా పంతులుగారే.

గొల్లభామ కథ

పురాణం పండితులు చెప్పింది. ఊరివాళ్లు చెప్పుకునే కథ వేరే ఉంది. అది మా తరం నాయనమ్మల నోట, వరికుప్పల దగ్గర, బళ్లమీద విన్న కథ.

ఎల్లమందలో సాలంకయ్య అనే శివభక్తుడు ఉండేవాడు. కట్టెలు కొట్టుకుని బతికే ఆయనకు అడవిలో ధనం దొరికింది. అది శివుడిచ్చిందేనని నమ్మి భక్తితో బతుకుతుండగా ఒక జంగమదేవర రోజూ ఆ ఇంటికి రావడం మొదలుపెట్టాడు. కొంతకాలానికి ఆ జంగముడు రావడం మానేశాడు. సాలంకయ్యకు దిగులు పట్టుకుంది. కొండలన్నీ వెతికాడు, కనిపించలేదు.

అదే కాలంలో కొండకావూరులో సుందుడనే గొల్లకాపరికి ఆనందవల్లి అనే కూతురు ఉంది. ఆ పిల్లకు చిన్ననాటి నుంచి శివుడే లోకం. రోజూ రుద్ర శిఖరం ఎక్కి పాత కోటేశ్వరుడికి అభిషేకం చేసి వచ్చేది. ఒక రోజు ఆమె తెచ్చిన కుండమీద కాకి వాలి నీళ్లు ఒలకబోసింది. ఎండలో అంత ఎత్తు మోసిన నీళ్లు! కాకులు ఈ కొండమీద వాలకూడదని ఆమె శపించిందట. కోటప్పకొండమీద కాకి కనిపించదన్న మాట అక్కడిదే. కాకిని చూశానన్నవాడికీ చూడలేదన్నవాడికీ మన బడి ఆటస్థలంలో ఎన్ని పందేలు జరిగాయో గుర్తుండే ఉంటుంది.

ఆమె పట్టుదల చూసి స్వామి జంగముని రూపంలో కనిపించి, ఇక చాలు, ఇంటికి పొమ్మన్నాడు. ఆమె వినలేదు. ఆమెను ఆపాలని ఆయన పెళ్లికాని ఆ పిల్లకు గర్భం కలిగించాడు. ఆమె దానికీ ఆగలేదు. నిండు గర్భంతో కూడా కొండ ఎక్కుతూనే ఉంది. చివరికి దేవుడే ఓడిపోయాడు. నువ్వు ఎక్కనక్కర్లేదు, నేనే నీ వెంట వస్తాను, నువ్వు ముందు నడువు, వెనక్కి మాత్రం తిరిగి చూడకు అన్నాడు. ఆమె దిగుతుంటే వెనకనుంచి కొండ బద్దలవుతున్నట్టు చప్పుడు. బ్రహ్మ శిఖరం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. అంతే, స్వామి అక్కడే గుహలో లింగమై నిలిచిపోయాడు. ఆమెకు అక్కడే బిడ్డ కలగడం, ఆ బిడ్డ మాయం కావడం, ఆమె స్వామిలో కలిసిపోవడం జరిగాయి. తన ఇంటికి వచ్చిన జంగముడు ఈ స్వామేనని తెలిసిన సాలంకయ్య అక్కడ గుడి కట్టించాడు. గొల్లభామకూ గుడి కట్టించాడు. ముందు ఆమెను దర్శించుకున్నాకే కోటయ్యను దర్శించాలన్న ఆచారం ఏర్పడింది.

శాసనం చెప్పేది, కథ చెప్పేది

ఈ కథను కట్టుకథ అని తీసిపారేయడం తేలిక. చరిత్ర చదివేవాడు మాత్రం ఇందులో మూడు సంగతులు గమనించాలి.

మొదటిది, పై శిఖరం మీద పాత గుడి, కింది శిఖరం మీద కొత్త గుడి ఎందుకున్నాయన్న ప్రశ్నకు ఊరివాళ్ల జవాబు ఈ కథ. ఎక్కడం కష్టమైన చోటినుంచి జనానికి అందే చోటికి పూజ దిగివచ్చింది. ఆ మార్పుకు కారణంగా ఊరు ఒక రాజును చెప్పలేదు, ఒక నిండు చూలాలిని చెప్పింది.

రెండోది జంగముడు. కొండమీద గుడి 1172 నాటికే ఉందని వెలనాటి చోడుల కాలపు శాసనం చెబుతోంది. వాళ్ల రాజధాని చందవోలు. వీరశైవం తెలుగుదేశంలో ఊరూరా పాకిన శతాబ్దం అది. మల్లికార్జున పండితారాధ్యుడు చందవోలుకు వెళ్లి వాదం చేసిన వృత్తాంతాన్ని పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో చెప్పాడు. అదే సోమనాథుడు బసవపురాణంలో కుమ్మరివాళ్లనూ చాకలివాళ్లనూ వేటగాళ్లనూ మహాభక్తులుగా నిలబెట్టాడు. పాలు తాగమని శివుణ్ణి నిలదీసిన గొడగూచి అనే చిన్నపిల్ల కథ అందులోదే. మన సాలంకయ్య ఇంటికి జంగముడు రావడం, గొల్లపిల్ల దేవుణ్ణి కొండ దింపడం ఆ గాలిలో పుట్టగల కథలే.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. పెళ్లికాకుండా గర్భవతి అయిన పిల్లను ఏ ఊరు ఎలా చూస్తుందో మనకు తెలుసు. ఈనాటికీ ఆ చూపు మారలేదు. అలాంటి ఊళ్ల మధ్య ఉన్న ఈ కొండ ఆ పిల్లను వెలివేయలేదు సరికదా, దేవుడికంటే ముందు మొక్కవలసిన మనిషిని చేసింది. బ్రహ్మచారి అయిన దేవుడి కొండమీద తొలి దండం అందుకునేది ఆమె. చదువూ సంపదా ఉన్నవాళ్లు కూడా ఆమె ముందు తలవంచాకే పైకి వెళ్లాలి. ఎన్ని తరాల కిందట ఎవరు పెట్టారో గాని ఈ నియమం, నీతిపాఠాల పుస్తకంలో ఇంతకు మించిన పాఠం నాకు కనిపించలేదు.

ఇక్కడికి దగ్గర్లోనే కొండవీడు ఉంది. రెడ్డిరాజులు రాజధానిగా ఏలిన కోట, 1515లో కృష్ణదేవరాయలు పట్టుకున్న కోట. ఇప్పుడక్కడ మిగిలినవి బురుజులూ చెరువులూ. రాజుల కొండ చరిత్ర పాఠంలోకి చేరింది. గొల్లపిల్ల కొండకు మాత్రం ఏటా లక్షల జనం నడిచి వస్తున్నారు.

ప్రభ కట్టడం

శివరాత్రి ప్రభల సంగతి చెప్పకుండా కోటప్పకొండ కథ పూర్తికాదు. వెదురు గడలూ సరుగుడు గడలూ తాళ్లతో బిగించి, బండిమీద నిలిపి, రంగు గుడ్డలూ కాగితాలూ అతికి, దీపాలు కట్టిన ప్రభ ఎనభై, వంద అడుగుల దాకా లేస్తుంది. మొక్కు ఉన్నవాళ్లు భుజాన మోసే చిన్న ప్రభలు వేరే. కావూరు, మద్దిరాల, పురుషోత్తమపట్నం, యడవల్లి, అమీన్ సాహెబ్ పాలెం ఇలా ఊరి పేరుతోనే ప్రభకు పేరు. ఒకప్పుడు ఎడ్లు లాగేవి, ఇప్పుడు ట్రాక్టర్లు వచ్చాయి. ప్రభ వస్తుంటే దారిలో కరెంటు ఆపుతారు, తీగలు దించుతారు.

అంత ఎత్తు కట్టడం గాలికి ఒరగకుండా వచ్చేది ఇంజనీరు లెక్కతో కాదు. నాలుగు పక్కలా మోకులు పట్టుకున్న మనుషుల వల్ల. ఒక పక్కవాళ్లు వదులు చేస్తే ఎదుటి పక్కవాళ్లు బిగించాలి. ఏ కులంవాడు ఏ మోకు పట్టాడని ఆ క్షణాన ఎవరూ అడగరు. ఒక్క చెయ్యి జారితే అందరి మీదా పడుతుంది. పొలం గట్ల దగ్గర ఏడాదంతా మాటలు లేనివాళ్లు ఆ రోజు ఒకే మోకు పట్టుకోవడం మనం చూసిందే.

1909 శివరాత్రి

ఈ తిరునాళ్లకు మరొక జ్ఞాపకం ఉంది. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రలో పర్యటించాక వందేమాతరం ఉద్యమం పల్లెలకు పాకిన రోజులవి. 1909 ఫిబ్రవరి 18, శివరాత్రి. తిరునాళ్లలో జనానికీ పోలీసులకూ ఘర్షణ జరిగింది. ఎడ్ల దగ్గర మొదలైన తగవు కాల్పుల దాకా వెళ్లిందని మన పెద్దలు చెప్పేవారు. జనం పోలీసు ఠాణాకు నిప్పు పెట్టారు, ప్రాణాలు పోయాయి. ఆ కేసులో చిన్నపరెడ్డి అనే రైతును ఉరితీశారు. ప్రభుత్వం దాన్ని దొమ్మీ కేసుగా రాసుకుంది. జనం ఆయన మీద పాట కట్టి ఊరూరా పాడుకున్నారు.

కాగితం చెప్పేదొకటి, జనం నిలుపుకొనేదొకటి అనడానికి ఇది రెండో రుజువు. గొల్లభామ విషయంలో జరిగిందే చిన్నపరెడ్డి విషయంలోనూ జరిగింది. అధికారం ఉన్నవాళ్లు వేసిన తీర్పుకు జనం నోటిమాటతో అప్పీలు చేసుకున్నారు.

మనం చేయగలిగింది

కొండెక్కే భక్తులు కోటయ్యను చేదుకొమ్మని పిలుస్తారు. బావిలోనుంచి నీళ్లు చేదినట్టు తమను పైకి లాగమని అర్థం. నీళ్లకుండ నెత్తిన పెట్టుకుని రోజూ కొండెక్కిన పిల్ల కథ తెలిస్తేనే ఆ మాట రుచి తెలుస్తుంది. మెట్లదారిన నడిచే రోజుల్లో గొల్లభామ గుడి దగ్గర ఆగకుండా ఎవరూ పైకి వెళ్లేవారు కాదు. ఘాట్ రోడ్డు వల్ల ముసలివాళ్లకూ నడవలేనివాళ్లకూ ఎంతో మేలు జరిగింది, కాదనను. కాని కారులో నేరుగా పైన దిగి, దర్శనం చేసుకుని గంటలో తిరిగి వెళ్లేవాళ్లలో చాలామందికి ఆ ఆగడం తప్పిపోయింది. ఆగనివాళ్లకు ఆమె ఎవరని పిల్లలు అడిగే అవకాశమే రాదు. అడగని కథను ఎవరూ చెప్పరు. కథలు అలాగే పోతాయి.

2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. ఆఫీసులు వచ్చాయి, రోడ్లు వెడల్పయ్యాయి. ఊరి జ్ఞాపకాలు భద్రపరిచే పని మాత్రం ఏ ఆఫీసూ చేయదు. అందుకే మన సంఘానికి ఒక చిన్న మనవి. హైదరాబాదులో ఉన్నా అమెరికాలో ఉన్నా, ప్రతి పూర్వ విద్యార్థీ తన ఇంట్లో పెద్దవాళ్లను ఒక గంట కూర్చోబెట్టి గొల్లభామ కథ అడగండి. ఒక్కో ఊళ్లో ఒక్కో తీరున చెబుతారు. తేడాలు దిద్దకండి, విన్నది విన్నట్టు రాయండి. ప్రభ కట్టే పెద్దలను గడలు ఎలా ఎంచుతారో, ముడులు ఎలా వేస్తారో అడగండి. చిన్నపరెడ్డి పాట వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే సెల్‌ఫోనులో రికార్డు చేయండి. అవన్నీ ఒకచోట చేర్చి మన బడి గ్రంథాలయంలో పెడదాం. ఎనిమిదో తరగతి పిల్లలు ఏటా దానికి నాలుగు పేజీలు చేరుస్తారు.

ఆ తెలిసినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటింది. పని వచ్చే శివరాత్రికల్లా మొదలుకావాలి.