గత్తర పోయిన తరువాత: సికింద్రాబాదులో అంటురోగములు, మనస్సుకు తగిలిన గాయములు

శతవార్షికోత్సవ సమయమున మనము కట్టుకొన్న దేవాలయములను, నడిపిన పాఠశాలలను, సేవచేసి గతించిన గురువులను తలచుకొనుట న్యాయమే. అయితే ఎవరును శిలాఫలకము వేయని చరిత్ర ఒకటి మన ఊరికి ఉన్నది. అంటురోగము వచ్చి పోయిన ప్రతిసారి, బ్రదికి బయటపడినవారి మనస్సులో అది విడిచిపోయిన భయము, దుఃఖముల చరిత్ర అది. మన పెద్దలు ఆ భారమును ఎట్లు మోశారో తెలిసికొంటే మన భారమును మోయుటకు మనకును కొంత దారి కనబడుతుంది.

తెలంగాణలో కలరాను గత్తర అంటారు. ఊరిలో పెద్ద అలజడి రేగినా గత్తర లేచిందనే అంటారు. రోగమునకు, అది పుట్టించే కలతకు మనవారు ఒకే మాట వాడినారు. ఇది భాషలో లోపము కాదు, అనుభవము. రోగము శరీరమును పట్టితే దాని భయము ఊరంతటిని పట్టుతుందని వారికి తెలుసు.

సికింద్రాబాదు 1806లో సికందర్ జా పేరుమీద వెలసిన దండు పట్టణము. సైనికులు, బోయీలు, వర్తకులు నలుదిక్కులనుండి వచ్చి చేరినారు. 1874లో వాడి నుండి రైలు వచ్చిన తరువాత బొంబాయి మనకు ఇరుగుపొరుగైంది. మనుష్యులు నడిచిన దారినే రోగములును నడిచినవి.

ఈ ఊరి అంటురోగములలో జనులు నేటికిని గుర్తుంచుకొన్నది 1813 నాటిది. దండులో డోలీలు మోసే సురిటి అప్పయ్య ఆ కాలమున ఉజ్జయినిలో ఉన్నాడనియు, ఇక్కడ గత్తరతో జనులు చనిపోవుచున్న వార్త విని అక్కడి మహాకాళికి మ్రొక్కుకొన్నాడనియు, 1815లో తిరిగివచ్చి ఇక్కడ ప్రతిష్ఠ చేశాడనియు చెప్పుకొంటారు. లష్కర్ బోనాలు ఆ మ్రొక్కుబడితో ముడిపడినవే. మన విశ్వాసము వేరైనను, మన ఇరుగుపొరుగువారి ఈ ఆచారమును చరిత్ర విద్యార్థివలె గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. వానలు పడి రోగములు పుట్టే ఆషాఢమాసములో, ఎవరి ఇంటిలో వారు వణకుచు కూర్చుండక, అందరు వీధిలోనికి వచ్చి కలిసి నడుస్తారు. మరునాడు రంగములో రాబోవు సంవత్సరమునుగూర్చి తమ భయములను నోరారా అడిగి జవాబు వింటారు. భయమునకు ఒక దినము, ఒక స్థలము, వినే చెవి ఏర్పాటు చేసికొన్నారన్నమాట. రెండువందల ఏండ్లు దాటినా ఆ జ్ఞాపకము చెదరకపోవుటకు ఇదే కారణము కావచ్చును.

మన సంఘముల పక్షమున ఉన్న జ్ఞాపకము వేరు విధమైనది. బ్రిటిష్ కాలపు సమాధి రిజిస్టర్లలో పేరు, వయస్సు, వృత్తి, మరణకారణము, సమాధి చేసిన తేదీ, ఆరాధన జరిపిన గురువు పేరు అని వేర్వేరు గడులుండేవి. వ్రాత చక్కగా ఉంటుంది, లెక్క సరిగా ఉంటుంది. అయితే దుఃఖమునకు మాత్రము గడి లేదు. తండ్రిని, బిడ్డను ఒకే వారములో మట్టిలో పెట్టిన తల్లి తరువాత ఎట్లు నిద్రించిందో ఏ రిజిస్టరును చెప్పదు.

భయమునకు మరియొక మందు జ్ఞానము. దానిని లోకమునకు అందించినదియు మన ఊరే. మలేరియా అన్న మాటకు ఇటలీ భాషలో చెడుగాలి అని అర్థము. కనబడని గాలికి భయపడిన మనుష్యుడు ఎక్కడికి పారిపోగలడు? 1897 ఆగష్టు 20న సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఆ దోమలచేత కుట్టించుకొన్న రోగి పేరు హుసేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టినది. రాసుకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పరిశోధన జరిగిన బేగంపేటలోని భవనము నేటికిని నిలిచి ఉన్నది. రోగము అంతటితో పోలేదు గాని, భయమునకు ఒక రూపము, ఒక హద్దు ఏర్పడినవి. దోమతెర కట్టుకొని నిద్రపోవచ్చునని తెలిసిన వాని మనస్సు సగము కుదుటపడుతుంది.

జ్ఞానమున్నను దయలేని చోట భయము తగ్గదని ప్లేగు నేర్పింది. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టగా, మరుసటి ఏట బ్రిటిష్ ప్రభుత్వము అంటురోగముల చట్టము చేసింది. ఇండ్లు సోదా చేయుట, రోగులను బలవంతముగా వేరుచేయుట చూచి పూనాలో జనులు రోగముకంటె అధికారులకు ఎక్కువ భయపడినారు. 1911లో ప్లేగు హైదరాబాదు నగరమును పట్టింది. ఎలుక రాలిపడితే చాలు, ఇల్లు విడిచి ఊరి వెలుపల ఉండవలసిన కాలమది. మరుసటి సంవత్సరము ఇరుకు బస్తీలను బాగుచేయుటకు నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1915లో అంటురోగులకు ప్రత్యేకముగా ఆసుపత్రి నెలకొల్పినారు. నేడు నల్లకుంటలో రాస్ పేరుతో ఉన్న ఫీవర్ ఆసుపత్రి అదే. క్వారంటైన్ అన్న మాటను జనులు కోరంటి అని పలికినారు. ఎందరికో ప్రాణము నిలిపిన ఆ కోరంటి దవాఖాన పేరు వింటేనే గుండె జారేది, ఎందుకనగా అక్కడికి వెళ్ళినవాడు తనవారినుండి వేరైపోతాడు. చావుకంటె ఒంటరితనము భయంకరమని ఆ భయము చెప్పుచున్నది.

1918లో ఇన్‌ఫ్లుయెంజా బొంబాయి రేవులో దిగి రైలు దారులవెంట దేశమంతట వ్యాపించింది. మన దేశములో కోటికి పైగా జనులు కొద్ది నెలలలోనే మరణించినారు. ఇంత గొప్ప విపత్తుకు పండుగ లేదు, స్తంభము లేదు, స్మారక ఆరాధన లేదు. దానినిగూర్చి ఇంటి పెద్దలు చెప్పగా విన్నవారు మనలో ఎందరున్నారు? చెప్పుకొనని దుఃఖము మాయమైపోదు, మూగదవుతుంది.

ఇక మన కాలపు సంగతి. 2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కోవిడ్ రోగిని గుర్తించినారు. గాంధీ ఆసుపత్రి కోవిడ్ వైద్యమునకు కేంద్రమైంది. 1897 నాటి చట్టమే మరల బయటికి వచ్చింది. ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరును మనము తలుపులు మూసిన దేవాలయముల వెలుపల, ఫోనుల ముందు కూర్చుండి ఆచరించినాము. జూన్ 8 తరువాతగాని తలుపులు తెరువలేదు. ఆ జూన్‌లోనే ఒక రోగి మరణించగా అతని బంధువులు వైద్యునిపై దాడిచేశారు. జూనియర్ డాక్టర్లు విధులు మాని బైఠాయించినారు. ఒకవైపు దుఃఖము కోపమైంది, మరియొకవైపు అలసట కన్నీరైంది. 2021 ఏప్రిల్, మే నెలలలో రెండవ తాకిడి మరింత క్రూరముగా వచ్చింది.

పూర్వపు రోగములకును దీనికిని ఒక భేదమున్నది. పూర్వము భయము కలిగితే మనుష్యులు ఒకచోట చేరేవారు. ఈసారి చేరుటయే అపాయమైంది. ప్రాణరక్షణకు అది అవసరమే. కాని చివరి చూపు దక్కలేదు, పెట్టె మోయుటకు భుజములు లేవు, దుఃఖపడు ఇంటికి అన్నము తెచ్చిన చేయి లేదు. మరణము జరిగింది గాని వీడ్కోలు జరుగలేదు. నిద్రపట్టకపోవుట, గుండెదడ, ఊరకనే కోపము, ఆరాధనకు రాబుద్ధి కాకపోవుట, రోగమును ఇంటికి తెచ్చినది నేనే అన్న లోపలి నింద, ఇవన్నియు ఆ జరుగని వీడ్కోలు జాడలు కావచ్చును. ఆ మొదటి సంవత్సరములోనే లోకములో ఆందోళన, క్రుంగుబాటు 25 శాతము పెరిగినవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించింది.

ఇట్టి బాధను విశ్వాసలోపమని ఎంచరాదు. యోబు స్నేహితులు ఏడు దినములు అతనితో నేలమీద మౌనముగా కూర్చున్నంతవరకు మంచివారే. ఉపదేశము మొదలుపెట్టిన తరువాతనే అతనికి భారమైనారు. మనస్సు బాగులేదన్న వానిని ఎర్రగడ్డకు పంపవలెనని ఎగతాళి చేయుట మన ఊరి అలవాటు. ఆ మాట విన్నవాడు మరల నోరు విప్పడు. జ్వరమునకు వైద్యుని చూచినట్లే దీనికిని చూడవచ్చును. ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చును.

సంఘముగా మనము చేయదగినది ఒకటున్నది. 2020, 2021 సంవత్సరములలో గతించిన మనవారి పేర్లు ప్రతి సంఘములో ఒక పుస్తకములో వ్రాయించి, ఏటా ఒక ఆదివారము వాటిని బిగ్గరగా చదివించవలెను. ఏ రోగముతో పోయినను, ఏ పట్టణములో పోయినను ఆ పేరు చేరవలెను. ఆ ఆరాధన తరువాత ఆ ఇండ్లవారితో కలిసి భోజనము చేయవలెను. అప్పుడు తేలేకపోయిన అన్నమును ఇప్పుడైనను పెట్టవచ్చును. మన పాత రిజిస్టర్లలో లేని గడి అదే. రెండవ శతాబ్దమునకు అడుగిడుచున్న మన అధ్యక్ష మండలము ఆ గడిని గీయునుగాక.