ముక్క పడని పూట

సిండికేట్ రమ్మీలో పాతకాపు ఎవడో కొత్తవాడెవడో డ్రాప్ దగ్గర తెలిసిపోతుంది. పదమూడు ముక్కలూ విప్పి చూసుకుని, జోకరు లేదు, సీక్వెన్సుకి దారి లేదు అనుకోగానే పాతవాడు వాటిని బోర్లా పడేసి టీ గ్లాసు అందుకుంటాడు. కొత్తవాడు మాత్రం "ఉండు బావా, ఒక్క ముక్క చూద్దారి" అంటాడు. ఆ ఒక్క ముక్క లేపిన పాపానికి డ్రాప్‌కి పడాల్సిన 25 పాయింట్లు కాస్తా 50 అవుతాయి. ఇంకా ఆశపడి కూర్చుంటే, అవతలివాడు షో కొట్టేసరికి ఫుల్ కౌంట్, 80.

నేను విశాఖ స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైనవాణ్ణి. బి షిఫ్టు రాత్రి పదింటికి దిగి, మర్నాడు ఆఫ్ అయితే, ఉక్కునగరం క్వార్టర్స్ మేడ మీద చాప పరుచుకుని 201 పాయింట్ల సిండికేట్ ఆడిన తరం మాది. పందెం ఎంతంటారా, టీలకి, మిరపకాయ బజ్జీలకి అంతకన్నా ఎక్కువే అయ్యేది. పని చేసేచోట అందరిదీ ఒకటే భాష. చాప మీద కూర్చున్నాక ఎవడి జిల్లా వాడి నోట్లోంచి ఊడిపడేది. "ఏటి గురూ, ఈయాల ముక్క పడ్డం నేదు" అని శ్రీకాకుళం వాడు మొదలెడితే, గోదావరి వాడు లేచి చోటు మార్చేవాడు. జేబురుమాలు మడిచి కిందేసుకునేవాడొకడు, ఎడం చేత్తోనే కోసేవాడొకడు, పదమూడో ముక్క పడేదాకా ఒక్కటీ ముట్టుకోనివాడొకడు. ఇవేవీ పనిచేయవని అందరికీ తెలుసు. మానినవాణ్ణి మాత్రం నేను చూళ్లేదు.

పనిచేసేది లెక్క. రెండు పేకలు, రెండు అచ్చు జోకర్లు, పైన తిప్పిన ముక్క పోగా ఆ అంకెవి మరో ఏడు. అంటే 105 ముక్కల్లో జోకర్లు తొమ్మిది. పదమూడు పంచితే పదిసార్లలో దాదాపు మూడుసార్లు జోకరు మొహమే కనపడదు. మూడుసార్లు! అలాంటప్పుడు మనిషి ఏం చేయాలన్నదానికి ఎవరో పేరు తెలియని మహానుభావుడు చెప్పిన జవాబే 201 పాయింట్ల హద్దు. డ్రాప్‌కి 25. ఎనిమిది ఆటలు వరసగా పడేసినా 200, ఇంకా బతికే ఉంటాం. తొమ్మిదోదానికి అవుట్. 101 ఆటలో డ్రాప్‌కి 20, అక్కడ అయిదుసార్లు పడేస్తే 100. చివరి ఆ ఒక్క పాయింటు ఎందుకుందో ఈ లెక్క వేసి చూస్తేనే అర్థమవుతుంది. చెడ్డ ముక్కలొచ్చినవాడికి నిలబడ్డానికి చోటిచ్చి, ఆ చోటుకొక హద్దు గీసిన ఆట ఇది.

విశాఖకీ పేకకీ ఉన్న సంబంధం స్టీల్ ప్లాంటుతో మొదలవలేదు. పక్కనే విజయనగరంలో గురజాడ కన్యాశుల్కంలో మధురవాణినీ పోలిశెట్టినీ పేకాటకి కూర్చోబెట్టాడు. నాటకం తొలిసారి ఆడింది 1892లో, ఇప్పుడు మనం చదువుతున్న రూపం 1909 నాటిది. పేకాటలో మనుషులు ఎలా నోరు పారేసుకుంటారో చూడాలంటే ఆ రంగం చాలు, పోలీసు రికార్డులు అక్కర్లేదు. ఇటు వాల్తేరులో 1883లోనే దొరల క్లబ్బు వెలిసింది. 1933 డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ హార్బరుని లాంఛనంగా తెరిచాక ఊరి పోకడే మారింది. ఓడ వచ్చి బెర్తులో నిలిస్తే కళాసీకి పని, రాకపోతే ఖాళీ. డాక్ కార్మికుల కోసం 1948లో చట్టమొచ్చి, దాని కింద పథకాలు అమలయ్యేదాకా చాలామందికి ఏ రోజు కూలి ఆ రోజుదే. ఎదురుచూపులున్న చోట పేక ఉంటుంది. ఇప్పటికీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధం 61 రోజులూ ఫిషింగ్ హార్బరు వైపు వెళ్ళండి, తాళ్ళు బిగించిన బోట్ల నీడన చూస్తారు.

పేకలో అదృష్టమెంత, తెలివెంత అన్న పంచాయితీ సుప్రీంకోర్టుదాకా తీసుకెళ్ళింది కూడా మనవాళ్ళే. 1963 మే నెలలో సికింద్రాబాదులో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు, లోపల రమ్మీ నడుస్తోంది. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు కొట్టేసింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఢిల్లీకి వెళ్ళింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెప్పారు. మూడు ముక్కలాట వట్టి అదృష్టమనీ, రమ్మీలో పడ్డ ముక్కలు గుర్తుంచుకోవాలి కాబట్టీ, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టీ అది ప్రధానంగా నేర్పున్న ఆటనీ అన్నారు. ముక్కలు కలిపి పంచే ఏ ఆటలోనైనా ఆ కాస్త అదృష్టం తప్పదు, బ్రిడ్జిలోనూ ఉంది కదా అన్నారు. ఆటమీద క్లబ్బు లాభం చేసుకుంటే మాత్రం అది వేరే సంగతని ఒక తలుపు తెరిచి ఉంచారు. అప్పట్నుంచి క్లబ్బులూ పోలీసులూ ఆ తలుపు దగ్గరే తోసుకుంటున్నారు.

మంచి తీర్పే. కానీ ఆడేవాడిగా నాదొక ఫిర్యాదు. న్యాయమూర్తి ఒక ముక్క ఉంచడం, ఒక ముక్క వదలడం చూశారు. పదమూడూ ఒకేసారి వదిలేయడంలో ఉన్న నేర్పు గురించి మాట్లాడలేదు. నన్నడిగితే రమ్మీ నేర్పులో సగం అదే.

అదృష్టాన్ని ఇంకా కచ్చితంగా కట్టేసినవాళ్ళు బ్రిడ్జి వాళ్ళు. పోటీల్లో ఆట అయిపోయాక ముక్కలు కలపరు. ఎవరి పదమూడు వాళ్ళు తమ ముందే పెట్టుకుని, అలాగే నాలుగు అరల బోర్డులో దోపి పక్క టేబుల్‌కి పంపుతారు. అవే దరిద్రపు ముక్కలు అక్కడ ఇంకొకడికి. వాడు నాకన్నా తక్కువ పోగొట్టుకుంటే వాడే గెలిచినట్టు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ బంగారు పతకం తెచ్చింది ఈ ఆటలోనే, అప్పటికి బర్ధన్‌కి అరవై ఏళ్ళు. మా చాప మీదికి బ్రిడ్జి ఎప్పుడూ రాలేదు. ఓడిపోయాక ముక్కల్ని తిట్టుకునే వీల్లేని ఆట మావాళ్ళకి నచ్చదు.

పోకర్ టోర్నమెంటు మాత్రం 201కి చుట్టమే. లాస్ వేగాస్‌లో 1970లో బెనీ బినియన్ మొదటి వరల్డ్ సిరీస్ పెట్టినప్పుడు విజేతని ఓట్లేసి ఎన్నుకున్నారు! చిప్స్ అయిపోయినవాడు లేచిపోవాలనే పద్ధతి మరుసటి ఏడాది వచ్చింది. అక్కడా చెడ్డ ముక్కలొస్తే పడేయడమే, కాకపోతే కట్టాల్సిన తప్పనిసరి పందెం గంటలు గడిచేకొద్దీ పెరుగుతుంటుంది. ఊరికే ఓపిక పట్టినవాణ్ణి ఆ పెరుగుదలే తినేస్తుంది. మన డ్రాప్ అర్ధరాత్రయినా 25కే దొరుకుతుంది.

తర్వాత ఫోన్లొచ్చాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ని ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది, నేర్పా అదృష్టమా అన్న తేడా కూడా చూడకుండా. ఆ తేడా చెరిపేయడం సబబా అంటే నేను వాదించగలను గానీ, ఫోన్ ఆటని వెనకేసుకురాను. చాప మీద డ్రాప్ కొట్టినవాడు ఆ ఆట అయ్యేదాకా ఖాళీగా కూర్చోవాలి. ఎవడు ఏది లేపాడో, ఎవడు దేనికి ఆశపడ్డాడో చూస్తాడు, వేడి దిగుతుంది. ఫోన్‌లో డ్రాప్ కొట్టిన మూడు సెకన్లకి ఇంకో టేబుల్ పిలిచేది.

ఆ ఫోన్లో నేర్చుకున్న కుర్రాళ్ళు ఇప్పుడు చాప మీదికొస్తున్నారు. లెక్క మాకన్నా బాగా తెలుసు, డ్రాప్ కూడా టకీమని కొడతారు. ముక్కలు కలపడం మాత్రం రాదు. మొన్న శివరాత్రి జాగారానికి మా మేనల్లుడు రెండు పేకలూ ఒకేసారి కలపబోయి చాప నిండా పోశాడు. మావాళ్ళందరూ వాణ్ణి తిడుతూనే వంగి ఏరారు, వెల్లకిలా పడ్డ జోకరు ఏ కట్టలోకి వెళ్ళిందో ఓరకంట చూసుకుంటూ.